కొత్వాల్ సాబ్ పెట్టిన హాస్టల్



అన్నం తినకపోతే పోలీసుకు పట్టిస్తామని పిల్లల్ని బెదిరించని ఇల్లు మన వైపు తక్కువే. మీరూ నేనూ ఆ బెదిరింపు విని పెరిగినవాళ్లమే. నూరేళ్ల కిందటి హైదరాబాదులో ఆ మాటకు ఇంకా బరువు ఉండేది. నగర పోలీసుల పెద్దను అప్పుడు కొత్వాల్ అనేవారు. ఆయన నివేదికలు నేరుగా నిజాం నవాబుకే వెళ్లేవి. కొత్వాల్ బండి వస్తోందంటే పెద్దవాళ్లే సర్దుకుని నిలబడే రోజులు అవి.

ఆ కుర్చీలో 1920 నుంచి 1934 దాకా 14 ఏళ్లు కూర్చున్న మనిషి గురించి ఈ నెల మీకు చెప్పాలనుకుంటున్నాను. ఆయన పేరు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. నారాయణగూడ మీదుగా వెళ్లేవాళ్లు ఆయన పేరున్న మహిళా కళాశాల బోర్డును చూసే ఉంటారు. తెలంగాణలో కొత్తగా చేరే పోలీసు అధికారులు శిక్షణ తీసుకునే హిమాయత్‌సాగర్ దగ్గరి అకాడమీకి కూడా ఆయన పేరే పెట్టారు. ఒకే పేరు పోలీసు అకాడమీకి, ఆడపిల్లల కాలేజీకి ఎందుకు వచ్చిందని మీ అబ్బాయో అమ్మాయో అడిగితే, జవాబు ఆయన జీవితంలోనే ఉంది.

కొత్వాల్ అంటే ఎవరు?

ముందు ఆ పదవి సంగతి చూద్దాం. అది తెలిస్తేనే ఆయన చేసిన పని విలువ తెలుస్తుంది.

కొత్వాల్ అంటే కోటను కాచేవాడు. మొఘలుల కాలంలో ప్రతి పెద్ద నగరానికీ ఒక కొత్వాల్ ఉండేవాడు. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో కొత్వాల్ చేయాల్సిన పనులన్నీ ఉన్నాయి. రాత్రి గస్తీ తిప్పాలి. ఇళ్ల లెక్క రాయించాలి. ఊళ్లోకి కొత్తగా ఎవరు వచ్చారో, సరాయిల్లో ఎవరు దిగారో తెలుసుకోవాలి. బజారులో తూకాలు, ధరలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. ఇవాళ పోలీసు శాఖ, మున్సిపాలిటీ, తూనికలు కొలతల శాఖ విడివిడిగా చేస్తున్న పనుల్లో చాలా భాగం ఆ ఒక్క మనిషి మీదే ఉండేవి.

బ్రిటిష్ వాళ్ల ఏలుబడిలోని నగరాల్లో ఈ పదవి త్వరగానే పోయింది. 1856లో వచ్చిన చట్టంతో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలు పోలీసు కమిషనర్ల కిందికి వెళ్లాయి. 1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీలో కొత్వాల్ పదవిని తీసేశారు. ఢిల్లీకి చివరి కొత్వాల్‌గా పనిచేసిన గంగాధర్ నెహ్రూ మన తొలి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూకు తాతగారు. 1861లో దేశమంతటికీ పోలీసు చట్టం తెచ్చారు. హైదరాబాద్ నిజాం రాజ్యం కాబట్టి ఆ చట్టాల ప్రభావం ఇక్కడ నేరుగా పడలేదు. మన నగరంలో కొత్వాల్ 1948 దాకా కొనసాగాడు.

అలాగని ఇక్కడ ఏమీ మారలేదని కాదు. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ రాజ్యాన్ని జిల్లాలుగా విడదీశారు. జిల్లాలకు జీతం తీసుకునే పోలీసు వ్యవస్థ ఏర్పడింది. జిల్లా పోలీసు అధికారిని మోహతమీమ్ అనేవారు. ఠాణా చూసే అధికారి అమీన్. ఆయన కింద జమేదార్లు, జవాన్లు. మీ అమ్మమ్మగారిదో నాయనమ్మగారిదో తెలంగాణ పల్లె అయితే ఒకసారి అడిగి చూడండి. సబ్ ఇన్‌స్పెక్టర్‌ను అమీన్ సాబ్ అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జిల్లాల పోలీసు ఒక వ్యవస్థ, నగర పోలీసు ఇంకొకటి. నగర పోలీసుకు పెద్ద కొత్వాల్.

రాయణిపేట నుంచి ముద్గల్ దాకా

వెంకటరామారెడ్డి 1869 ఆగస్టు 22న వనపర్తి సంస్థానంలోని రాయణిపేట అనే పల్లెలో పుట్టారు. అది ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. అదే ఏడాది హైదరాబాదులో మహబూబ్ అలీ ఖాన్ పసివయసులోనే ఆరో నిజాంగా గద్దె ఎక్కారు. ఒకే ఏడాది ఒక పిల్లవాడు సింహాసనం మీద కూర్చుంటే, ఇంకొకడు రైలు మొహం చూడని పల్లెలో కళ్లు తెరిచాడు.

ఆయనది ఊరి పటేళ్ల కుటుంబం. తిండికి లోటు లేకపోయినా, చదువుకోవడానికి ఆ పల్లెలో ఉన్నది వీధిబడి ఒక్కటే. తర్వాత వనపర్తికి వెళ్లి చదువుకున్నారు. ఇంట్లో మాట తెలుగు. కొలువు కావాలంటే ఫార్సీ, ఉర్దూ రావాలి. సర్కారు కాగితాలు, కోర్టు, ఠాణా, పన్నుల లెక్క అన్నీ ఆ భాషల్లోనే నడిచేవి. పెద్ద డిగ్రీలు చేసే అవకాశం ఆయనకు రాలేదు. వచ్చిన భాషలే ఆయన సర్టిఫికెట్లు.

ఇరవై ఏళ్లు నిండకముందే ఆయనకు అమీన్ ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ రాయచూరు జిల్లా ముద్గల్‌లో. ఇప్పుడది కర్ణాటకలో ఉంది. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న ఆ ప్రాంతం కోసం బహమనీ సుల్తానులు, విజయనగర రాజులు తరతరాలు కొట్టుకున్నారు. అక్కడి జనం మాట కన్నడం. ఇంటర్ చదివే మన పిల్లల వయసు కుర్రవాడు, తనది కాని భాష మాట్లాడే ఊళ్లో ఠాణా అధికారిగా దిగాడన్నమాట.

అప్పటి నిజాం రాజ్యంలో తెలుగు జిల్లాలు, మరాఠీ జిల్లాలు, కన్నడ జిల్లాలు ఉండేవి. పైనున్న సర్కారు భాష ఉర్దూ. ఈ రాజ్యంలో పోలీసుకు లాఠీ ఎంత అవసరమో భాష అంతకన్నా అవసరం. ఫిర్యాదు చేసే రైతు ఒక భాషలో మాట్లాడతాడు. పంచనామా ఇంకొక భాషలో రాయాలి. మధ్యలో మాట తేడా వస్తే నిరపరాధి జైలుకు వెళ్తాడు. వెంకటరామారెడ్డి తెలుగు, ఉర్దూ, ఫార్సీలతో పాటు కన్నడం, మరాఠీ కూడా నేర్చుకున్నారు. జిల్లాల్లో మెట్టు మెట్టుగా ఎదిగారు. కొంతకాలం వనపర్తి సంస్థానం వ్యవహారాలు కూడా చూశారు.

నేను ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని. పిల్లలకు ఇంగ్లిష్ ఎప్పుడు వస్తుందని ప్రతి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. వెంకటరామారెడ్డి కాలంలో ఉర్దూ ఎలా అన్నం పెట్టే భాషో, ఈ కాలంలో ఇంగ్లిష్ అలాంటిది. ఆయన ఆ భాషను బాగా నేర్చుకుని పైకి వచ్చారు. పైకి వచ్చాక తన ఇంటి భాష కోసం ఏం చేశారన్నది చూస్తే ఆయన గొప్పతనం తెలుస్తుంది.

నగరం కుర్చీ

జిల్లాల అనుభవం తర్వాత ఆయనను హైదరాబాదుకు తెచ్చి, కొత్వాల్ ఇమాద్ జంగ్ దగ్గర నాయబ్ కొత్వాల్‌గా పెట్టారు. అంటే నగర పోలీసులో రెండో స్థానం. 1920లో ఇమాద్ జంగ్ చనిపోయాక ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ కుర్చీ వెంకటరామారెడ్డికి ఇచ్చారు. నిజాంల కాలంలో కొత్వాల్ అయిన మొదటి హిందువు ఆయనే. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఇంకొన్నేళ్లలో రిటైర్ కావాల్సిన వయసు. 65 ఏళ్లు వచ్చేదాకా ఆయనను ఆ పదవిలోనే ఉంచారంటే నిజాంకు ఎంత నమ్మకమో అర్థం చేసుకోవచ్చు.

1921 జనాభా లెక్కల నాటికి హైదరాబాద్ జనాభా దాదాపు 4 లక్షలు. ఇవాళ్టి లెక్కలో అది చిన్న సంఖ్యే. కానీ ఆ నగరాన్ని కాపాడటం తేలిక కాదు. నగరం మధ్యలోనే హద్దులు ఉండేవి. ఇప్పుడు కోఠి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న భవనం అప్పట్లో బ్రిటిష్ రెసిడెన్సీ. దాని చుట్టూ ఉన్న సుల్తాన్ బజార్ వంటి రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ వాళ్ల అధికారం కింద ఉన్నాయి. హుస్సేన్‌సాగర్ అవతల సికింద్రాబాద్ కూడా వాళ్లదే. చార్మినార్ దగ్గర జేబు కొట్టినవాడు మూసీ దాటి సుల్తాన్ బజార్‌లో దూరితే, అక్కడ చట్టం వేరు, పోలీసు వేరు. ఇవాళ సైబర్ నేరగాడు ఒక రాష్ట్రంలో కూర్చుని ఇంకో రాష్ట్రంలో డబ్బు కొట్టేస్తే పోలీసులకు ఎంత తలనొప్పో మీరు పేపర్లో చదువుతూ ఉంటారు. ఆ తలనొప్పి కొత్వాల్‌కు అప్పట్లో ఒకే నగరంలో ఉండేది.

ఆయన కుర్చీ ఎక్కిన రోజులు కూడా దేశమంతా ఉడికిపోతున్న రోజులు. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు నడుస్తున్నాయి. 1921 నవంబరులో బ్రిటిష్ యువరాజు బొంబాయిలో ఓడ దిగిన రోజే అక్కడ అల్లర్లు మొదలై ప్రాణాలు పోయాయి. అదే యువరాజు 1922 జనవరిలో హైదరాబాదుకు వచ్చారు. నగరంలో బందోబస్తు బాధ్యత కొత్వాల్‌ది. బొంబాయిలో జరిగింది ఇక్కడ జరగకుండా ఆ పర్యటన పూర్తయింది. ఆయనకు నిజాం నుంచి రాజా బహద్దూర్ బిరుదు, బ్రిటిష్ ప్రభుత్వం నుంచి ఓ.బీ.ఈ. గౌరవం అందాయి.

ఇక్కడ మనం ఒక విషయం దాచుకోకూడదు. ఆయన నిజాం కొలువులో పనిచేసిన మనిషి. ఆ రాజ్యంలో జనం సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు సభలకు, సంఘాలకు ఎన్నో ఆటంకాలు పెట్టింది. ఆ కాలపు తెలంగాణ నాయకుల ఆత్మకథల్లో ఆ ఉత్తర్వు పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. కొత్వాల్ ఆ వ్యవస్థకు బయటి మనిషి కాదు, అందులో ఒక ముఖ్యమైన భాగం. ఆయనను స్వాతంత్ర్య సమరయోధుడిగా పిల్లలకు చెప్పడం సరికాదు. ఆయన గొప్పదనం వేరే చోట ఉంది.

అద్దె ఇంట్లో మొదలైన హాస్టల్

ఆయన ఇంకా కొత్వాల్ కాకముందే, 1918లో, ఒక పని మొదలుపెట్టారు. దాని అవసరం ఏమిటో ఆ ఏడాది సంగతులే చెబుతాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపనకు ఫర్మానా వెలువడిన తర్వాతి ఏడాది అది. పెద్ద చదువులకు దారి హైదరాబాదులో తెరుచుకుంటోంది. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ పల్లెల నుంచి వచ్చే తెలుగు పిల్లవాడు ఎక్కడ ఉండాలి? నగరంలో చుట్టాలు లేకపోతే తినడానికి చోటు లేదు, పడుకోవడానికి చోటు లేదు. తెలివి ఉన్నా, బడి ఉన్నా, పడుకునే చోటు లేక చదువు ఆగిపోయే పిల్లలు వాళ్లు.

వెంకటరామారెడ్డి సంస్థానాధీశులను, దేశ్‌ముఖులను, డబ్బున్న పెద్దలను కూడగట్టారు. పోలీసు అధికారి చందా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఆ పలుకుబడిని ఆయన పిల్లల కోసం వాడారు. అద్దె ఇంట్లో రెడ్డి హాస్టల్ మొదలైంది. తర్వాత సొంత భవనం సమకూరింది.

హాస్టల్‌కు ఒక గ్రంథాలయం కూడా ఏర్పడింది. తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన నగరంలో అక్కడ తెలుగు పుస్తకాలు పోగయ్యాయి. సురవరం ప్రతాపరెడ్డి కొన్నేళ్లు ఆ హాస్టల్ బాధ్యత చూశారు. ఆయన ఎవరో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1926 మే 10న ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఆ ప్రయత్నానికి కొత్వాల్ సహకారం ఉంది. తెలంగాణలో కవులే లేరన్న నిందకు జవాబుగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చింది కూడా ప్రతాపరెడ్డే. తనకు అండగా ఉన్న కొత్వాల్ జీవిత చరిత్రను కూడా ఆయన రాశారు.

ఆ రోజుల్లో ఈ నగరంలో తెలుగుకు ఎంత మర్యాద ఉండేదో ఒక సంఘటన చెబుతుంది. 1921 నవంబరులో వివేకవర్ధిని ఆవరణలో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. అప్పటికి వెంకటరామారెడ్డి కొత్వాల్ అయి ఏడాది గడిచింది. ఆ అవమానం తట్టుకోలేక ఆంధ్ర జన సంఘం పుట్టింది. తెలుగు మాట్లాడితే నవ్వే నగరంలో, పోలీసు పెద్ద పెట్టిన హాస్టల్‌లో తెలుగు పుస్తకాల బీరువాలు నిండుతున్నాయి. ఉర్దూతో పైకి వచ్చిన మనిషి తన పలుకుబడిని తెలుగు వైపు తిప్పారు. ఏ భాషనూ తక్కువ చేయకుండా రెండు పనులూ చేశారు.

హాస్టల్ పేరులో కులం ఉందన్నది మీరు గమనించే ఉంటారు. ఆ కాలంలో నగరంలో చాలా హాస్టళ్లు కులసంఘాలు కట్టుకున్నవే. డబ్బూ, పలుకుబడీ ఉన్న కులాలు తమ పిల్లలకు చోటు చూసుకున్నాయి. మరి అవి లేని పిల్లల సంగతి? వాళ్ల కోసం అదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజార్‌లో బడి పెట్టారు. అంటరానివాళ్లని పక్కన పెట్టిన కుటుంబాల పిల్లలకు అక్షరాలు నేర్పే బడులు అలా ఒకటొకటిగా పెరిగాయి. ఆయన వెనుక కొత్వాల్ కుర్చీ లేదు. వెంకటరామారెడ్డి గురించి పిల్లలకు చెప్పే రోజునే భాగ్యరెడ్డి వర్మ గురించి కూడా చెప్పండి. ఒకరి కథ చెబితే సగం నగరమే చెప్పినట్టు.

ఆడపిల్లల బడి

1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమం ఉన్నత పాఠశాల మొదలుపెట్టారు. ఇప్పుడు మనకు బడి ఎంచుకోవడమే సమస్య. ఆ రోజుల్లో బడి ఉండటమే వింత. తెలుగులో చదివి హైస్కూలు పాసయ్యే ఆడపిల్లకు సర్టిఫికెట్ ఎవరు ఇవ్వాలన్నది పెద్ద ప్రశ్న. ఉస్మానియాలో బోధన ఉర్దూలో. అందుకే ఆ పాఠశాల పూణేలో కర్వే నడుపుతున్న మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకోవాల్సి వచ్చింది. మన ఆడపిల్లలు హైదరాబాదులో తెలుగులో చదివి, పరీక్ష సర్టిఫికెట్ కోసం మహారాష్ట్ర వైపు చూశారు.

ఆ పాఠశాలకు అండగా నిలిచినవాళ్లలో వెంకటరామారెడ్డి ఒకరు. ఇది చిన్న సహాయం కాదు. ఆడపిల్లను గడప దాటించడానికి తల్లిదండ్రులకు అప్పుడు రెండు భయాలు ఉండేవి. దారిలో ఏమవుతుందోనని ఒకటి, నలుగురూ ఏమంటారోనని ఇంకొకటి. నగరానికి కొత్వాల్ అయిన మనిషే ఆ బడి వెనుక నిలబడితే మొదటి భయం సగం తగ్గుతుంది. పెద్దమనుషుల్లో పేరున్నవాడు ఆ బడి మంచిదంటే రెండోదీ తగ్గుతుంది. ఇవాళ మన అమ్మాయి స్కూల్ బస్ ఆలస్యమైతే ఫోన్ చేసి కనుక్కుంటాం. 2014లో మన నగరంలో మొదలైన షీ టీమ్స్ నంబరు చాలామంది తల్లుల ఫోన్లలో ఉంటుంది. ఆడపిల్ల చదువుకూ వీధిలో భద్రతకూ సంబంధం ఉందని నూరేళ్ల కిందటి ఆ తల్లిదండ్రులకూ బాగా తెలుసు.

హాస్టల్ పిల్లలు ఎటు వెళ్లారు?

నాకు ఈ జీవితంలో అన్నిటికన్నా ఆలోచింపజేసే సంగతి ఇది.

రెడ్డి హాస్టల్‌లో ఉండి చదువుకున్న పిల్లల్లో నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి ఒకరు. 1930లో ఆయన నిజాం రాజ్యం దాటి కాకినాడకు వెళ్లి ఉప్పు సత్యాగ్రహంలో కలిశారు. తర్వాత ఆంధ్ర మహాసభకు నాయకుడయ్యారు. ఆ తర్వాత నిజాం పాలన మీద, దొరల పెత్తనం మీద సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి ముందు వరుసలో నిలబడ్డారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి అఖండమైన మెజారిటీతో లోక్‌సభకు వెళ్లారు.

ఒకసారి ఆగి చూడండి. హాస్టల్ పెట్టినవాడు నిజాం పోలీసులకు పెద్ద. దానికి చందాలు ఇచ్చినవాళ్లలో సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు ఉన్నారు. అక్కడ తిని, అక్కడి పుస్తకాలు చదివిన పిల్లవాడు పెద్దయ్యాక నిజాంనూ, దేశ్‌ముఖుల వ్యవస్థనూ ఎదిరించాడు. గోలకొండ పత్రిక కూడా సర్కారుకు నచ్చే రాతలే రాయలేదు. హాస్టల్ చూసుకున్న ప్రతాపరెడ్డే 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. ఆ ఏడాది కూడా వెంకటరామారెడ్డి కొత్వాల్‌గానే ఉన్నారు.

పిల్లవాడికి గదీ, దీపమూ, పుస్తకమూ ఇచ్చినవాళ్లు వాడి ఆలోచనను మాత్రం తమ దగ్గర తాకట్టు పెట్టుకోలేరు. చదువు ఇచ్చినవాడు కోరుకున్న దారిలోనే చదువుకున్నవాడు నడవాలని లేదు. కొత్వాల్‌కు ఇది ఎంత ఇష్టంగా ఉందో, ఎంత కష్టంగా ఉందో మనం ఊహించి చెప్పకూడదు. చేసిన పని మాత్రం మన కళ్ల ముందు ఉంది. హాస్టల్ మూతపడలేదు. పుస్తకాల బీరువాలకు తాళం పడలేదు.

మనం ఫీజులు కడుతున్నాం. కోచింగ్‌కు వేరే కడుతున్నాం. ఐఐటీ అనో, మెడిసిన్ అనో ఏడో తరగతిలోనే రాసి పెట్టుకుంటున్నాం. పిల్లల కోసం అంత చేశాక ఫలితం మనం అనుకున్నట్టే రావాలని ఉంటుంది. అది తల్లిదండ్రుల సహజమైన ఆశ. కానీ చదువు మీద పెట్టిన డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది కాదు. రాసుకున్న తేదీకి రాసుకున్న మొత్తం చేతికి రాదు. కొన్నిసార్లు మనం ఊహించని రూపంలో, ఊహించని చోటికి వస్తుంది.

కొత్వాల్ నుంచి కమిషనర్ దాకా

వెంకటరామారెడ్డి 1934లో కొత్వాల్ పదవి వదిలారు. తర్వాత కూడా నిజాం ఆయనను వదులుకోలేదు. తన సొంత ఆస్తుల శాఖ అయిన సర్ఫ్-ఎ-ఖాస్‌లో బాధ్యత అప్పగించారు. 1348 ఫసలీలో, అంటే 1938-39 ప్రాంతంలో, హైదరాబాద్ నగర పోలీసు చట్టం వచ్చింది. ఊరేగింపులకు, లౌడ్‌స్పీకర్లకు సంబంధించి పోలీసు కమిషనర్ ఉత్తర్వులు ఇచ్చినప్పుడు పేపర్లో ఆ ఫసలీ సంవత్సరం పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. ఈసారి వినాయక నిమజ్జనం ఆంక్షల వార్త వచ్చినప్పుడు పిల్లలకు చూపించండి. చరిత్ర పాఠం ఉదయం పేపర్లోనే దొరుకుతుంది.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. కొత్వాల్ అనే పేరు పోయి కమిషనర్ అనే పేరు వచ్చింది. కమిషనర్ కింద అదనపు, జాయింట్ కమిషనర్లు, జోన్‌కు డిప్యూటీ కమిషనర్, డివిజన్‌కు అసిస్టెంట్ కమిషనర్, ఠాణాకు ఇన్‌స్పెక్టర్, ఆ కింద ఎస్సైలు, హెడ్ కానిస్టేబుళ్లు, కానిస్టేబుళ్లు. మామూలు జిల్లాలో సభలు, ఊరేగింపుల మీద ఆంక్షల వంటి ఉత్తర్వులకు మేజిస్ట్రేటు అధికారం రెవెన్యూ అధికారుల దగ్గర ఉంటుంది. కమిషనరేట్ ఉన్న నగరంలో ఆ అధికారం కూడా కమిషనర్‌దే. పాత కొత్వాల్ చేతిలోని అధికారాల నీడ అందులో కొంత కనిపిస్తుంది. ఒక్క పెద్ద తేడా ఉంది. కొత్వాల్ జవాబు చెప్పాల్సింది నిజాంకు. కమిషనర్ జవాబు చెప్పాల్సింది చట్టానికి, ఎన్నికైన ప్రభుత్వానికి, కోర్టుకు.

వెంకటరామారెడ్డి 1953 జనవరి 25న కన్నుమూశారు. గణతంత్ర దినోత్సవానికి ఒక రోజు ముందు. రాజుల కాలంలో పుట్టి, రాజు కొలువులో ఎదిగి, ఓటు హక్కు వచ్చిన దేశాన్ని చూసి వెళ్లిన మనిషి. మరుసటి ఏడాది నారాయణగూడలో ఆయన పేరుతో మహిళా కళాశాల మొదలైంది.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

సెలవు రోజున పిల్లలతో పాతబస్తీకి వెళ్తే, పురానీ హవేలీలోని పాత పోలీసు కమిషనర్ కార్యాలయ భవనం చూపించండి. వచ్చేటప్పుడు నారాయణగూడ మీదుగా రండి. ఈ రెండు చోట్ల మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే. ఆ దూరంలోనే ఒక మనిషి జీవితం అంతా ఉంది.

పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి. నీకు చాలా అధికారం వస్తే, నీ కోసం కాకుండా ఏం కడతావు? ఒకడు క్రికెట్ గ్రౌండ్ అంటాడు. ఒకతె కుక్కలకు ఆసుపత్రి అంటుంది. నవ్వకండి, సరిచేయకండి. ఎవరి కోసం, ఎక్కడ, ఎంత ఖర్చవుతుంది అని వివరాలు అడగండి. తెలుగులో చెప్పినా సరే, ఇంగ్లిష్‌లో చెప్పినా సరే, రెండూ కలిపి చెప్పినా సరే. వాళ్లు చెప్పినవి రాయించి క్లాస్ టీచర్‌కు పంపితే, నోటీస్ బోర్డు మీద పెడతాం.

ఇంకొక చిన్న మనవి. ఈ రాత్రి చిన్నది అన్నం తినకపోతే, పోలీసుకు పట్టిస్తామని చెప్పకండి. తప్పిపోయిన రోజున మన పాప భయం లేకుండా వెళ్లి చేయి పట్టుకోవాల్సిన మనిషి ఆ పోలీసే.